నలభై నిమిషాలు కలుపుకుని

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. కూర్చుంటే కాళ్ళు ఊపుతాను, నిలబడితే చేతిలో తాళంచెవులు ఆడిస్తాను. రైలు పది నిమిషాల్లో వస్తుందంటే ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగు చుట్లు వేస్తాను. పదకొండేళ్ళుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా మీటింగుల్లో నిలబడే మాట్లాడతాను. అలాంటి నాకు మొన్నామధ్య వేసవిలో ఒక దేశం మొత్తాన్ని అప్పగించారు.

దేశమంటే ముగ్గురే. మాకు రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న నగరంలో ప్రపంచ దేశాల విద్యార్థులకు ఆటల పోటీలు జరిగాయి. ఒక్కో జట్టుకు ఒక్కో సహాయకురాలు కావాలంటే నేనూ దరఖాస్తు పెట్టాను. పెద్ద జట్లన్నీ ముందే అయిపోయాయి. నా వంతుకు పసిఫిక్ సముద్రంలోని ఒక చిన్న దీవి వచ్చింది. దాని పేరు విని నేను పటంలో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇండియా పోదామని దాచుకున్న ఉర్లౌబ్ సెలవులన్ని వీళ్ళకే పెడ్తవా? నువ్వేమన్న పీ.టీ. టీచర్‌వా?" అన్నాడు మా ఆయన. మాది వరంగల్, ఇంట్లో ఇప్పటికీ ఆ మాటే.

"రెండు వారాలు నేను ఇంట్ల లేకుంటే నీకే మంచిగుంటది తియ్," అన్నాను.

వాళ్ళకు ఎన్ని బంగారు పతకాలు వస్తాయని మా అబ్బాయి జర్మన్‌లో అడిగాడు. ఒక్కటీ రాదని తెలుగులో చెప్పాను. మరెందుకు వస్తున్నారని అడిగాడు, అదీ జర్మన్‌లోనే.

వాళ్ళు దిగిన రోజే మా వాడి ప్రశ్నకు జవాబు దొరికింది. ముగ్గురిలో ఒకాయన కోచ్. యాభై దాటిన బడిపంతులు. కోచ్, మేనేజరు, సామాన్లు మోసేది, బట్టలు ఉతికించేది, అన్నీ ఆయనే. రెండో మనిషి ఈత కొట్టే అమ్మాయి. మూడో అమ్మాయి ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తుతుంది. ఇరవై ఏళ్ళుంటాయి. నన్ను చూడగానే "ఆంటీ" అంది. పెద్దవాళ్ళను అలా పిలవడం వాళ్ళ దీవిలోనూ మామూలేనట. నాకు నలభై కూడా నిండలేదని చెబుదామనుకుని ఊరుకున్నాను.

వాళ్ళ దీవిలో పరుగుల ట్రాక్ లేదు. చర్చి వెనక గడ్డి మైదానంలో తాడు పట్టి కొలిచి, సున్నంతో గీతలు గీసి పరుగెత్తిస్తాడు కోచ్. అక్కడ ఆమె అన్నిటికంటే తొందరగా చేరింది రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లలో. కోచ్ చేతిగడియారం చెప్పిన లెక్క అది. "గడ్డిమీది లెక్కను ఎవరూ రాసుకోరు ఆంటీ. ఇక్కడ బోర్డుమీద మా దేశం అక్షరాలు పడతాయి, పక్కన ఒక టైము పడుతుంది. మా నాన్న ఇంటి నుంచి ఫోన్లో చూసి దాన్ని ఫోటో తీసుకుంటాడు. నేను వచ్చింది ఆ టైము కోసం," అంది. పతకం మాటే ఎత్తలేదు. ఆమెకున్నది ఒక్క పరుగు, నాలుగో రోజు పొద్దున.

ఇక నా సంగతి చెప్పాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా తెలుగువాళ్ళ బతుకమ్మకూ ఉగాదికీ అందరికీ కబురు పెట్టేది నేనే. మనవాళ్ళను నాలుగింటికి రమ్మంటే ఐదున్నరకు చీరలు సర్దుకుంటూ దిగుతారు. హాలు జర్మన్‌వాడిది, వాడు తొమ్మిదింటికి లైట్లు ఆర్పేస్తాడు. అందుకని ఐదింటి కార్యక్రమానికి "నాలుగింటికి షార్ప్" అని వాట్సాప్‌లో పెడతాను. నేనలా పెడతానని వాళ్ళకు తెలుసు. వాళ్ళకు తెలుసని నాకూ తెలుసు. ఈ దొంగాటలోనే పదేళ్ళుగా అన్నీ సవ్యంగా జరిగిపోతున్నాయి. ఇదొక విద్య అని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది నాకు.

ఆ విద్యనే క్రీడాగ్రామానికి పట్టుకెళ్ళాను. బస్సులు, పోటీల వేళలు అన్నీ సహాయకుల ఫోన్లకే వచ్చేవి. నేను ప్రతిదానికీ నలభై నిమిషాలు ముందుకు జరిపి కోచ్‌కు పంపేదాన్ని, చివర "షార్ప్" తగిలించి. ఎవరికీ ఆలస్యం కాకూడదన్న ఆత్రం తప్ప ఇంకేమీ లేదు. మొదటి రోజు ముగ్గురూ బస్సు ఆగే చోట నలభై నిమిషాలు నిలబడ్డారు. రెండో రోజు వానలో నిలబడ్డారు.

మూడో రోజు పొద్దున టిఫిన్ దగ్గర కోచ్ నా ఎదురుగా కూర్చుని గుడ్డు వొలుస్తూ నవ్వాడు. "సిస్టర్, మీ గుట్టు కనిపెట్టేశాను. మీరు చెప్పిన టైముకు నలభై కలిపితే అసలు టైము. అవునా?"

నాకు నవ్వాగలేదు. దొరికిపోయానని ఒప్పేసుకున్నాను.

"మా దగ్గరా అంతే. చర్చికి తొమ్మిదంటే పది. పెళ్ళికి పదంటే మధ్యాహ్నం," అన్నాడు. ఇంతమంది జర్మన్ల మధ్య నాకు మా వరంగల్ మేనమామ కనిపించినట్టయింది. ఆ మధ్యాహ్నం ఈత పోటీకి ఆయన నలభై కలుపుకుని సరిగ్గా సమయానికే వెళ్ళాడు. సరిగ్గా అదే వేళకు పరుగుల పోటీ సమావేశం ఉంటే, ఆయన బదులు నేను వెళ్ళి మర్నాటి వేళలన్నీ రాసుకొచ్చాను.

ఆ సాయంత్రం మా సహాయకుల పెద్ద నన్ను పక్కకు పిలిచింది. బడిలో ఆటలు నేర్పి రిటైరైన జర్మన్ ఆవిడ. అరిచే మనిషి కాదు, అదే కష్టం.

"నిన్న మీ జట్టు వానలో నలభై నిమిషాలు తడిసింది. బస్సు ఏడూ యాభైకి. మీరు ఏడూ పది అని ఎందుకు చెప్పారు?"

"వాళ్ళు ఆలస్యం చేస్తారేమోనని..."

"చేశారా?"

"లేదు."

"వాళ్ళు పెద్దవాళ్ళు. ఉన్న టైము చెప్పండి. మిగతాది వాళ్ళు చూసుకుంటారు."

నాకు తల కొట్టేసినట్టయింది. గదికి పోయి మంచం చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆవిడ మీద కాసేపు కోపం వచ్చింది, తర్వాత నామీద వచ్చింది. పదేళ్ళ అలవాటును ఆ పూటతో మానేస్తానని ఒట్టు పెట్టుకుని ఫోను తీసి కోచ్‌కు రాశాను. బస్సు ఎనిమిదీ ఇరవైకి. కాల్ రూమ్ తొమ్మిదీ నలభైకి మూసేస్తారు. పరుగు పదింటికి. అన్నీ ఉన్నవి ఉన్నట్టే. చివర అలవాటుకొద్దీ "షార్ప్" అని పెట్టాను.

కోచ్ బొటనవేలి బొమ్మ పంపాడు. తప్పు దిద్దుకున్నానని హాయిగా పడుకున్నాను.

పరుగుకు ముందు పోటీదారులందరినీ ఒక గదిలోకి పిలుస్తారు. నంబరు చూస్తారు, బూట్ల అడుగు చూస్తారు, తర్వాత వరసగా మైదానంలోకి తీసుకెళ్తారు. అదే కాల్ రూమ్. ఒకసారి తలుపు మూస్తే మళ్ళీ తెరవరు. వీపుకు తగిలించుకునే నంబరు తీసుకోవాలని నేను పొద్దున్నే స్టేడియానికి ముందుగా వెళ్ళిపోయాను. తొమ్మిదింటికి బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎవరెవరో దిగారు. మావాళ్ళు దిగలేదు.

బస్సు లోపలికెక్కి సీట్ల కింద కూడా చూశాను. కోచ్‌కు ఫోను చేశాను. ఆయన ఫోను క్రీడాగ్రామం వైఫైలోనే పనిచేస్తుంది, బయటికొస్తే ఉత్త బొమ్మ, మోగదు. అప్పుడు తెలిసింది. నలభై! ఆయన నలభై కలిపాడు. బస్సుకు కలిపాడు, కాల్ రూమ్‌కు కలిపాడు, పరుగుకు కలిపాడు.

పెద్దావిడకు ఫోను చేస్తే నోట్లోంచి సగం జర్మన్, సగం తెలుగు వచ్చింది. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి, క్రీడాగ్రామంలో బస్సు ఆగే చోట తీరిగ్గా నిలబడి ఉన్న వాళ్ళిద్దరినీ టాక్సీ ఎక్కించింది. నేను గేటుకూ కాల్ రూమ్‌కూ మధ్య ఎన్నిసార్లు పరుగెత్తానో నాకే తెలియదు. తలుపు దగ్గరున్న అధికారిని రెండు నిమిషాలు ఆగమన్నాను. ఆయన గడియారం చూపించాడు. నంబరు గుడ్డను ఆయన బల్లమీద పెట్టి చేతులు జోడించాను. జర్మనీలో ఎవరికైనా చేతులు జోడించడం నాకదే మొదటిసారి.

టాక్సీ తొమ్మిదీ నలభై మూడుకు వచ్చింది. ఆ పిల్ల బూట్లు చేతపట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అప్పటికి తలుపు మూసేసి ఉంది. అధికారి తనకు చాలా బాధగా ఉందని చెప్పాడు. నిజంగానే బాధపడ్డాడు. పడుతూనే జాబితాలో ఆమె వరస మీద స్కేలు పెట్టి గీత గీశాడు.

కోచ్ జేబులోంచి ఒక కాగితం తీసి నాకు చూపించాడు. రెండు వరసలు. ఎడమవైపు నేను పంపిన టైములు, కుడివైపు నలభై కలిపినవి. బడిపంతులు చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. "సరిగ్గానే కలిపాను కదా సిస్టర్?" అన్నాడు.

"సరిగ్గానే కలిపారు. నేనే ఈసారి కలపాల్సిన టైము చెప్పలేదు," అన్నాను. అంతకుమించి ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంత చిన్న మాట రాత్రి రాసి ఉంటే సరిపోయేది, ఇది అసలు టైము అని.

ఆయన అర్జీ రాయడానికి వెళ్ళాడు. నేను ఆ అమ్మాయికి మొత్తం చెప్పాను. ఉగాది, హాలు, లైట్లు, షార్ప్, అన్నీ. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. "పరుగు చూడొచ్చా?" అని మాత్రం అడిగింది. ఇద్దరం పైన కూర్చున్నాం. ఎనిమిదో లేనులో ఎవరూ లేరు. తుపాకీ పేలింది, ఏడుగురు పరుగెత్తారు. బోర్డుమీద ఎనిమిదో వరసలో ఆ దేశం అక్షరాలు పడ్డాయి, పక్కన టైము ఉండాల్సిన చోట రాలేదని రాశారు. ఆమె ఫోను తీసి ఫోటో తీసుకుంది. నా కాళ్ళు ఆ కాసేపు ఊగలేదు.

అర్జీ నిలబడలేదు. కోచ్ గదిలో దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. సాయంత్రం ఏడింటికి ఆ అమ్మాయి నా గది తలుపు కొట్టింది. ఎండ ఇంకా పొద్దుటిలాగే ఉంది. చొక్కాకు నంబరు గుడ్డ, చేతిలో బూట్లు.

"ఆంటీ, సాధన ట్రాక్ ఖాళీగా ఉంది. ఫోన్లో టైము పట్టగలరా?"

పట్టగలనో లేదో నాకు తెలియదు. అయినా వెళ్ళాను. నా బొటనవేలికి చెమట పడుతుంటే చీర లేదు కదా, ప్యాంటుకే తుడుచుకున్నాను. ఆమె గీత దగ్గర నిలబడింది. నేను "గో" అన్నాను, అంటూనే నొక్కాను. ఆ ఎర్రటి ట్రాక్ మీద ఆమె ఒక్కతే. మొదటి చుట్టులో నేను ఒక్కచోటే నిలబడ్డాను. రెండో చుట్టులో నిలబడలేక లోపలివైపు గడ్డిలో ఆమెతోపాటు పరుగెత్తి, మళ్ళీ గీత దగ్గరికి అడ్డంగా పడుతూ లేస్తూ వచ్చాను. ఛాతీ గీత దాటింది. నొక్కాను. ముందు కాదు, తర్వాతా కాదు, దాటినప్పుడే.

రెండు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు.

రెండుసార్లు చూసుకున్నాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మోకాళ్ళమీద చేతులేసి వంగి రొప్పుతున్న ఆ పిల్ల దగ్గరికి పోయి, "రెండు ఇరవై ఒకటి!" అని అరిచాను. "మూడు సెకన్లు తగ్గావు!"

ఆమె తలెత్తి నవ్వింది. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. తడి చెయ్యి నా భుజంమీద వేసింది.

"మీది చాలా మంచి మనసు ఆంటీ."

"మనసేంటి, చూడు," అని ఫోను ఆమె ముఖం ముందు పెట్టాను. ఆమె అంకెల వంక చూసింది. తర్వాత నా బొటనవేలి వంక చూసింది. నామీద కోపమేమీ లేదు ఆ చూపులో.

"మా నాన్నకు చెప్పాలి," అంది. "దీనికెంత కలపమంటారు?"