తప్పుకు కాపలా

సరిచేసిన తప్పును మళ్లీ పెట్టమని ఇవాళ ఒకాయన మెయిల్లో నన్ను బతిమాలాడు.

మనం రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చే కంపైలర్ ఒకటుంది, అందరికీ ఉచితం. దాని స్టేబుల్ వెర్షన్‌ను సెలవు రోజుల్లో నేను చూసుకుంటాను. ప్రోగ్రామ్‌లో రెండు వేర్వేరు వాటికి ఒకే పేరు పెట్టినా ఆ కంపైలర్ ఊరుకునేది. మొన్న ఆ తప్పు సరిదిద్దాను. దాంతో అలాంటి పేర్లే ఉన్న, ఈయన ఊళ్లో నీళ్లు వదిలే పంపుల ప్రోగ్రామ్‌ను అది తీసుకోవడం మానేసింది.

ఈ ఎడారి దేశంలో, సల్మాబాద్ గ్యారేజీలో డ్యూటీ దిగి జింజ్‌లోని మా రూముకు వచ్చిన లక్ష్మణన్నకు ఇదంతా చెప్పాను.

“తప్పని తెల్సి మల్ల పెడ్తవా?”

“స్టేబుల్ అంటే అంతే అన్నా. నిన్న నడిచింది రేపూ నడవాలి. సరైనది, కొత్త మార్పులు పెట్టే డెవలప్‌మెంట్ వెర్షన్‌లో ఉంచుతాం.”

“మరి ఆయన అండ్లకు ఎప్పుడొస్తడు?”

“ఏమో!”

నిజంగానే నాకూ తెలుసుకోవాలని ఉంది.

మొత్తానికి తప్పును మళ్లీ పెట్టేశాను. నాలాంటి ఉత్సాహవంతుడెవరైనా దాన్ని మళ్లీ సరిచేయబోతే వెంటనే పట్టేసే టెస్ట్ ప్రోగ్రామ్ కూడా రాశాను.

మీ దగ్గరా ఇలా కాపలా పెట్టి మరీ కాపాడుకుంటున్న తప్పులున్నాయా? ఉంటే చెప్పండి. భయం లేదు, సరిచేయను.