చింతపండుతో తోమిన గాజుబుడ్డి

పోయిన సోమవారం స్టాఫ్‌రూమ్‌లో ఉండగా సెల్ మోగింది. ఏలూరులో మా హిస్టరీ టీచరుగారు పోయారని ఆవిడ చెల్లెలు చెప్పారు. తాడేపల్లిగూడెంలో బస్సెక్కి కూచున్నాను గానీ, గుండుగొలను దాటేదాకా కంట్లో చుక్క నీరు రాలేదు. ఏడుపుకన్నా ముందు భయం వచ్చింది. ఆవిడకి నేను చెప్పాల్సిన మాటొకటి మిగిలిపోయింది.

చర్చి వెనక రెండు గదుల ఇల్లు ఆవిడది. ఎవరినీ 'ఏమే' అని ఎరగరు; తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా 'ఏమ్మా' అనే పిలిచేవారు. పెదపాడు నుంచి సైకిలు తొక్కుకుంటూ బడికి వచ్చే నాకు మధ్యాహ్నం చారన్నం అక్కడే.

ఆ ఇంట్లో గుప్పెట్లో పట్టేంత గాజుబుడ్డి ఒకటి ఉండేది. వాళ్ల తాతగారు మిషన్ ఆసుపత్రి దొరగారి దగ్గర వంట చేసేవారట. ఆ దొర ఓడలో వస్తూ ఈజిప్టులో కొని, తర్వాత తాతగారికి ఇచ్చాడట. పాత ఊరి దిబ్బల్లో తవ్వితే దొరికిన అత్తరుబుడ్డి అది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆ దేశపు ముస్లిం పనివాడెవరో గొట్టంతో ఊది చేసింది. వేడి గాజుని పట్టుకోడానికి అడుగున అతికించిన కడ్డీని విరిచిన గరుకు మచ్చ మీద మా వేలు పెట్టించి, "ఇందులో ఉన్నది ఒక మనిషి ఊపిరమ్మా. వాడు పోయాడు, అది ఇంకా ఉబ్బే ఉంది చూడు" అనేవారు.

బుడ్డి మీద పొరలు పొరలుగా తెల్లటిదేదో పట్టి ఉండేది. ఎండలో పెడితే బొచ్చె చేప పొలుసులా రంగులు తిరిగేది.

పదో తరగతిలో, క్రిస్మస్‌కి ఇల్లు శుభ్రం చేద్దామని వెళ్లాను. టీచరుగారు పాటల ప్రాక్టీసుకి చర్చికెళ్లారు. ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు చింతపండూ బూడిదా పెట్టి తళతళా తోమేశాక, నా ఖర్మ కొద్దీ బుడ్డి కంటపడింది. మురికి పట్టిందనుకున్నాను. మెచ్చుకుంటారని కొబ్బరిపీచుతో మరీ మరీ తోమాను. రంగులన్నీ తూములోకి కొట్టుకుపోయాయి. మిగిలింది మందుల షాపు సీసాలాంటి ఆకుపచ్చ బుడ్డి.

ఆవిడ వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డారు.

"నువ్వు కడిగావా అమ్మా?"

"లేదండీ, నేను ముట్టుకోలేదండీ."

నా వేళ్లు ఇంకా చింతపండు వాసన కొడుతూనే ఉన్నాయి. సరేలే, అన్నం తినమన్నారు. అంతే.

అది మురికి కాదనీ, వందల ఏళ్లు మట్టిలో ఉన్న గాజుకి పట్టే పొర అనీ తర్వాత కాలేజీలో తెలిసింది. అప్పట్నుంచి వెళ్లినప్పుడల్లా చెప్పేద్దామనుకోవడం, అన్నం తిని వచ్చేయడం. పోయిన నెల ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన కూచున్నాను కూడా. అలసటగా ఉంది, వచ్చే వారం రమ్మన్నారు. నిజం చెబుతున్నాను, నాకు హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

భూస్థాపన అయ్యాక వాళ్ల చెల్లెలు బుడ్డిని తువ్వాలులో చుట్టి తెచ్చి, అక్క నీకిమ్మందమ్మా అన్నారు. దాని మెడకి దారంతో కట్టిన చిన్న కాగితం పొట్లం. పైన టీచరుగారి దస్తూరి: "అమ్మాయి తోమినప్పుడు పీచుకి అంటుకున్నవి." కింద తేదీ ఆ రోజుదే.

అంటే ఆ రోజే తెలుసు. తొమ్మిదేళ్లపాటు నాకు అన్నం వడ్డిస్తూ, ఎప్పుడు చెబుతానా అని ఎదురుచూశారో, చెప్పకపోయినా ఫరవాలేదనుకున్నారో! అడగడానికి ఆవిడ లేరు. క్షమించారనుకునే ధైర్యం నాకు లేదు.

ఇంటికొచ్చి పొట్లం విప్పాను. గోరంతైనా లేని రేకులు మూడు, ఇంకా రంగులు తిరుగుతున్నాయి. "నేనే తోమానండీ" అందామని నోరు తెరిచి, గబుక్కున మూసేశాను. ఊపిరి తగిలితే ఎగిరిపోయేలా ఉన్నాయవి.