మక్కపిండి నీళ్లు తాగిన మత్తు డాక్టరమ్మ

ఆపరేషన్‌కు ముందు మత్తిచ్చే మా డాక్టరమ్మ పోయిందని పొద్దున సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. మల్లాపూర్ షెడ్డుల లేత్ మిషన్ మీదున్న నేను, మిషన్ బంద్ చేసి బయట నిలబడ్డ. ఏడుపొస్తదనుకున్న, నవ్వొచ్చింది. ఆమె యాదికొస్తే మా ఇంట్ల ముందుగాల వచ్చేది నవ్వే.

మా బిడ్డది పుట్టుకతో వచ్చిన అరుదైన జబ్బు. తిన్నదాన్ని ఒళ్లు దాసుకుంటది గాని, ఆకలప్పుడు తీసి వాడుకోలేదు. నాలుగు గంటలు కడుపు ఖాళీగుంటే షుగర్ పడిపోతది. అందుకే మెల్లగ అరిగే పచ్చి మక్కపిండి, అదే మొక్కజొన్న పిండి, నీళ్లల్ల కలిపి తాపుతం. ఆరేండ్లప్పుడు హెర్నియా ఆపరేషన్ చెయ్యాలన్నరు. అంతకుముందు ఇంకో దవాఖానల ఏదో పరీక్షకని పస్తుంచితే ఫిట్స్ వచ్చి, పిల్ల దక్కుడే కష్టమైంది. ఈసారి నాచారం నుంచి ఉప్పల్ దవాఖాన దాకా ఆటోల నా భార్య పిండి డబ్బా ఒళ్లె పట్టుకొనే కూసున్నది.

డాక్టరమ్మ ఐదడుగులు గూడ లేదు. ఫైలంతా సదివి, "ఆ పిండేది?" అన్నది. డబ్బా ఇస్తే కలుపుకొని తాగేసింది. మొహం వంకరబోయింది.

"సున్నం తాగినట్టున్నది గదనే! రోజూ గిదే తాగుతవా?"

"ఆరుసార్లు," అన్నది మా బిడ్డ, గొప్పగ.

"అయితే నా మందు నీకో లెక్కనా!"

ఆపరేషన్ రోజు సిస్టర్ మంచానికి 'నోటికి ఏమీ ఇవ్వరాదు' అని బోర్డు తగిలించింది. డాక్టరమ్మ దాని కింద 'నరానికి ఇయ్యాలె' అని పెన్నుతో రాసి, గ్లూకోజు తనే ఎక్కించింది. ఇంకో పెద్ద కేసు ముందున్నదని సర్జన్ అంటే, "మీ పెద్దాయన ఆకలికి ఓర్సుకుంటడు సార్. ఈమె ఓర్సుకోలేదు" అని మా బిడ్డనే ముందు తీసుకపోయింది.

లోపల సంగతి తర్వాత డాక్టరమ్మనే చెప్పింది. మత్తుమందు నరంలకు ఎక్కుతుంటే ఎక్కాలు సదువుమన్నదట. "ఆరో ఎక్కం రాదు" అన్నదట మా పిల్ల. "నాకు గూడ రాదు, రెండోది సదువు." రెండు మూడ్ల అనంగనే కన్ను మూతపడ్డదట.

ఆపరేషనంతసేపూ, అయినంక గూడ షుగర్ తనే సూసుకుంట పక్కనే ఉన్నది. మమ్మల్ని పిలిచేసరికి బిడ్డ కండ్లు తెరుస్తున్నది.

"ఆరు," అన్నది మా బిడ్డ.

"లెక్క సరిగనే ఉన్నది. ఇగ ఫికర్ లేదు," అని డాక్టరమ్మ గోడ దిక్కు తిరిగి ముక్కు సీదుకున్నది.

ఆ సాయంత్రం దవాఖాన కిటికీల నుంచి సూసిన. ఉప్పల్ రోడ్డు మీద, నెత్తిన ఆకుపచ్చ టోపీ తియ్యడం మర్సిపోయి, డాక్టరమ్మ ఆటోలకు చెయ్యెత్తుతున్నది. ఒక్కటీ ఆగలే. ఆఖరికి రోడ్డు నడిమికి పోయి రెండు చేతులూ చాపి నిలబడ్డది. ఆటోతో పాటు, దాని ఎనకున్న సిటీ బస్సు గూడ ఆగింది.