ఎస్తేరమ్మ టీచరు చెప్పిన సాక్ష్యం

నిన్న తిరుపతి బస్టాండు బయట పూలమ్మే ఆమె మరువం కట్టల మీద నీళ్ళు చల్లింది. ఆ వాసన తగలగానే ఎస్తేరమ్మ టీచరు నా పక్కన వచ్చి నిలబడినట్టయింది. ఆమె తలలో పూలు పెట్టుకునేది కాదు, బైబిలు పుటల మధ్య మరువం రెమ్మ పెట్టుకునేది. ఆమె సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ముత్తాత ఐరాల దగ్గర మునసబు. మా తాత ఆ చుట్టుపక్కల వాక్యం బోధించిన మొదటి ఉపదేశి, పాకాల పక్కన మా చర్చికి స్థలం రాసిచ్చినవాడు. ఆయన పేరు చెక్కిన ముందు బెంచీ మీద మా వాళ్ళు తప్ప ఇంకెవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు, అయినా ఎవరూ కూర్చోలేదు. నా కాలానికి ఇల్లు చితికిపోయింది. మిగిలింది ఒక ఉమ్మడి మామిడితోపు, ఆ బెంచీ, మా చిన్నాయన సంఘ పెద్దరికం, నా నిటారు వీపు.

ఆ వీపును మొదట ఎగతాళి చేసింది టీచరే. చిన్న బడిలో నా పలక చూసి, "మునసబుగారి మునిమనవడా, కూసోడం బాగానే ఉండాది. అక్షరాలు గూడా అట్లే నిలబెట్టు" అనింది. పిల్లలంతా నవ్వారు. నాకు రోషం వచ్చింది, రాత బాగుపడింది. పెద్దయ్యాక కూడా నన్ను 'అయ్యా' అనకుండా పేరు పెట్టి పిలిచింది ఆమె ఒక్కతే.

సలోమి మా చర్చిలో పాటల జట్టు నడిపేది, ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేది. పాకాలలో నర్సు. ఒక సాయంత్రం పాటల సాధన అయ్యాక టీచరు మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చింది. పాస్టరుగారు అంగీ మార్చుకునే వెస్ట్రీ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మా చిన్నాయన సలోమి చెయ్యి పట్టుకుని ఉన్నాడు, ఆ పిల్ల విడిపించుకోవాలని పెనుగులాడుతోంది. టీచరు ఆయన్ని గట్టిగా పేరు పెట్టి పిలిచేసరికి వదిలాడు. మరుసటి వారానికి ఆ పిల్ల నడవడి మంచిది కాదన్న మాట చర్చి అంతా పాకింది. పుట్టించింది చిన్నాయనే. సలోమిని పాటల నుంచి, పిల్లల బడి నుంచి తప్పించారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు కూడా రావద్దన్నారు. పాస్టరుగారు కొత్తవాడు, చిన్నాయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం లేనివాడు.

టీచరు ముందు ఒంటరిగా చిన్నాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన కాఫీ ఇచ్చి, సంఘం పరువు గురించి చెప్పి పంపించేశాడు. రెండోసారి తోడుగా నన్ను రమ్మంది. నేను వెళ్ళాను. చిన్నాయన ఆమె వైపు చూడనే లేదు.

"ఒక నర్సు పిల్ల కోసరం నా గడప తొక్కినావా? మీ తాత పేరు నిలబెడతావనుకుంటి గదరా."

"ఆ పేరు కోసరమే వచ్చినా చిన్నాయనా."

ఇద్దరం ఆటోలో తిరిగి వచ్చాం. దిగాక టీచరు అనింది: "వాక్యంలో ఉన్నట్టు ఇంక మిగిలింది సంఘానికి చెప్పేదే సామేలూ. నువ్వు మీ బెంచీ మీద కూసోని వింటావో, నా పక్కన నిలబడతావో నీ ఇష్టం. నేను మాత్రం చెప్తా."

మా చర్చిలో పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు లేచి తమకు జరిగిన మేలు చెప్తారు. చివర్లో అందరం "స్తోత్రం" అంటాం. మధ్యలో ఎవరూ అడ్డు చెప్పకూడదు, అది మా ఆనవాయితీ. ఆ ఆదివారం టీచరు లేచింది. ఈమధ్యే చేయించుకున్న కంటి ఆపరేషను బాగా జరిగిందని చెప్తుందనుకున్నారు అందరూ. నేను బెంచీ వదిలి ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"మేలు జరిగితే చెప్పేదే సాక్ష్యం అనుకుంటాండాం మనం. కండ్లతో చూసింది చెప్పేది గూడా సాక్ష్యమే" అని మొదలుపెట్టి, వెస్ట్రీ తలుపు దగ్గర చూసిందంతా చెప్పింది. గొంతు పెంచలేదు. చిన్నాయన పేరు దాచలేదు. సలోమి మీద వేసింది నింద అని చెప్పి కూర్చుంది.

తలలన్నీ మా బెంచీ వైపు తిరిగాయి. మాలో యోనా తాత ఉండేవాడు, చెవులు సరిగా వినపడవు. టీచరు కూర్చోవడం చూసి, సాక్ష్యం అయిపోయిందనుకుని, ఎప్పటిలాగే చేతులెత్తి "స్తోత్రం" అన్నాడు. అలవాటు కొద్దీ చర్చి మొత్తం "స్తోత్రం" అనేసింది. అన్న తర్వాత గాని ఏమన్నామో ఎవరికీ తెలియలేదు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. చిన్నాయన లేచి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. నా గుండెల మీది బండ జారి కింద పడ్డట్టయింది.

ఆ తర్వాత పనులు వాటంతట అవే సాగాయి. పాస్టరుగారికి ధైర్యం వచ్చింది. చర్చి పై అధికారుల నుంచి విచారణకు వచ్చినవాళ్ళు సలోమిని కూర్చోబెట్టి ఓపిగ్గా విన్నారు. చిన్నాయనను పెద్దరికం నుంచి తీసేశారు. సలోమి పోలీసు ఫిర్యాదు ఇచ్చింది. టీచరు స్టేషన్లోనూ, చిత్తూరు కోర్టులోనూ అవే మాటలు చెప్పింది. సలోమి మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చిన రోజు టీచరు ఆమెకు చోటిస్తూ, "జరుగుతా ఉండు, ఇంకా శానామంది రావాల" అనింది. ఆ పిల్ల నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాం.

టీచరు పోయి కొన్నేళ్ళయింది. మా చర్చిలో ఇప్పుడు సాక్ష్యానికి ఎవరు లేచినా, వాళ్ళు చెప్పబోయేది మేలో కీడో ముందే అనుకోకుండా వినడం నాకు అలవాటైంది. చిన్నాయన పక్షం వాళ్ళు కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. నాకు దాంతో బాధేమీ లేదు, నిద్ర బాగా పడుతుంది.

చిన్నాయన వకీలు ఖర్చులకని మా ఉమ్మడి మామిడితోపు కేసు నడిచిన ఆ వేసవిలోనే, కాయలు చెట్ల మీద ఉండగానే అమ్మేశాం.