ఇనుప గోటి గాటు

తన పెరట్లో తాను కరివేపాకు కోసుకోవడానికి మూకాంబకు పంతొమ్మిదేళ్ల పాటు ఒకరి అనుమతి కావలసి వచ్చింది. బొటనవేలికి ఆకులు తెంపే ఇనుప గోరు తొడుక్కుని మెట్టు దిగిందో లేదో, వెనకనుంచి భర్త సుబ్రాయ హెగడె కేక వినిపించేది.

"ఆగే మూకీ, ఎవరున్నారో చూడనీ!"

ఎవరంటే చుట్టాలు కాదు, పురుగులు. ఆయన ఊపిరి కూడా తగలనీయకుండా పొద ముందు వంగి వెతికి, "ఈ పక్క కాపురం ఉంది, ఆ పక్క కోసుకో" అన్నాకే పోపు పడేది. ఇప్పుడు పదకొండు నెలలుగా ఆమె ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు కోసుకుంటోంది. ఆగమనేవాళ్లు లేరు.

సిద్దాపుర దారిలో, అడవి అంచున వాళ్ల ఇల్లు. హెగడెకి ఎకరం పోకతోట ఉంది, ఒక కెమెరా ఉంది. తోట కంటే కెమెరాకే ఎక్కువ కాపలా. దాని మాక్రో లెన్సు చీమ కన్నుని పళ్లెమంత చేసి చూపిస్తుంది. ఎండ ఎక్కేదాకా పురుగులు చలికి కదలవని, ఆయన చీకట్లోనే లేచి, జలగలు పట్టకుండా కాళ్లకు పొగాకు నీళ్లు పూసుకుని అడవిలో దూరేవాడు. ఆయన నియమాలు ఆయనవి. పురుగుని ముట్టకూడదు, ఆకు వంచకూడదు, నీళ్లు చిలకరించి మంచు అని చెప్పకూడదు. ఊళ్లో కెమెరా సంఘం వాళ్లలో ఎవరో పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక ఫొటో తీస్తున్నారని విని, రెండు రోజులు తన ఇంటి ఫ్రిజ్‌లో మజ్జిగ కూడా ముట్టలేదు.

"దోమ కుడితే మా అన్నయ్య కొట్టడు వదినా, కాస్త ఇటు తిరగమ్మా అని బతిమాలతాడు" అని నవ్వేది ఆడపడుచు గోదావరి.

"బతిమాలడు కూడానూ. అదే తిరిగేదాకా కుట్టించుకుంటాడు" అనేది మూకాంబ.

పన్నెండేళ్ల కిందట, అడవంతా తిరిగిన ఆ మనిషికి తన కరివేపాకు పొదలోనే ఒక దూదిపురుగు కనిపించింది. గోరంత ఒళ్లు, వీపు మీద తెల్లటి కుచ్చు. కాకపోతే అది పడమటి పక్క నీడలో, ఈయనకి వీపు పెట్టి కూర్చుంది. తొమ్మిది పొద్దులు ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. అది తిరగలేదు. తొమ్మిదో రోజు మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని లేచాడు. ఆ సాయంత్రం మూకాంబ ఇనుప గోటితో ఆ కొమ్మని పురుగు అదరకుండా తెంపి, తూర్పు పక్క రెమ్మల మధ్య దోపి వచ్చింది.

తెల్లారి ఆయన పెరట్లోంచి చిన్నపిల్లాడిలా పరుగెత్తుకొచ్చాడు. "మూకీ, అదే వచ్చిందే! ఎండలోకి అదే నడిచొచ్చింది!"

ఆమె కషాయం గ్లాసు చేతికిచ్చి, "మంచిదే కదా, తాగండి" అంది.

ఆ ఫొటోకి సంఘంలో మొదటి బహుమతి వచ్చింది. ఆపైన ఆయన పిలిచిన ప్రతి బడికీ వెళ్లి, ఓపిక పడితే పురుగు తనంతట తానే వస్తుందని చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా, నమ్మాడు. మిగిలిన జన్మంతా వానలో, బురదలో కూర్చుని ఎదురుచూశాడు. మళ్లీ ఏదీ రాలేదు. నిజం చెప్పేద్దామని ఆమె ఎన్నోసార్లు నోరు తెరిచి, అన్నంలో నెయ్యి వేసుకోమని చెప్పి మూసుకుంది. పాములూ జలగలూ వదిలేసిన మనిషిని చివరికి ఒక మధ్యాహ్నపు కునుకు తీసుకుపోయింది.

ఇవాళ సంఘం కార్యదర్శి భాస్కర వచ్చాడు. హెగడె పేరిట 'ముట్టని చిత్రం' అని బహుమతి పెట్టి, ఆ ఫొటోని తలుపంత చేసి హాల్లో తగిలిద్దామనుకున్నారట. తలుపంత చేశాకే అడుగున కొమ్మ చివర కనబడిందట. అతను కాగితం విప్పి చూపించాడు. నెలవంకలా నున్నటి గాటు.

"అక్కా, ఏమీ అనుకోకు. అన్న కోశాడా దీన్ని?"

"ఆయనెందుకు కోస్తారు? నేను కోశాను."

భాస్కర కళ్లు చెమర్చాయి. "భర్త పేరు కోసం ఎంత మాటైనా అంటారు మీ ఆడవాళ్లు. నీ మనసు గొప్పదక్కా."

పన్నెండేళ్లు దాచిన నిజం బయటపెడితే అబద్ధమని మెచ్చుకుంటున్నాడు! మూకాంబ లేచి, ఇనుప గోరు తొడుక్కుని, వాకిట్లో పోకచెట్టుకి అల్లుకున్న తమలపాకు కాడని టక్కున తెంపి అతని ఒళ్లో పడేసింది. భాస్కర కాడ చూశాడు, కాగితం చూశాడు. అదే నెలవంక.

"అన్న కనిపెట్టలేదా?"

"ఆయన పురుగు కంట్లో వెంట్రుకలు లెక్కపెట్టే మనిషి భాస్కరగారూ. నా బొటనవేలు ఎప్పుడు చూశారు?"

భాస్కర గడ్డం గోక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. కింద రెండు వేళ్ల మేర కత్తిరించేస్తే ఎవరికీ తెలియదు."

"ముట్టని చిత్రాన్నా?"

అతను నవ్వబోయి మానేశాడు. "మరి ఉన్నదున్నట్టు పెడితే, కోసిన కొమ్మ సంఘం నియమానికి విరుద్ధమని మొదటి బహుమతి వెనక్కి తీసుకుంటారక్కా. ఈ కొత్తదీ ఉండదు."

"తీసుకోనివ్వండి. దొంగ అనిపించుకోకూడదు ఆయన. ఆయన ముట్టలేదు, అది రాయండి. ముట్టింది పెళ్లాం, ఆయనకి చెప్పలేదు, అదీ రాయండి." ఆమె కాగితం మీది గాటుకి ఇనుప గోరు ఆనించింది. "తొమ్మిది రోజులు చూస్తే వచ్చింది పురుగు కాదు, నేను."

భాస్కర రాసుకున్నాడు. ఆమె రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి 'భార్య' అన్నచోట పేరు కూడా పెట్టమంది.

"భోంచేసి వెళ్లండి. మజ్జిగ తంబుళికి పోపొక్కటే మిగిలింది" అని పెరట్లోకి దిగింది. పొద దగ్గర చెయ్యి చాచి ఆగింది. ఊపిరి బిగబట్టి వంగింది. తూర్పు పక్క చూసింది, పడమటి పక్క చూసింది. ఆమె కళ్లకి ఆకులే కనిపించాయి. ఆయనకైతే ఎవరో ఒకరు కనిపించేవారు.

గోరు తీసి కొంగున ముడేసుకుని లోపలికి వచ్చేసింది.

"తంబుళిలో కరివేపాకు వెయ్యలేదేం అక్కా?" అన్నాడు భాస్కర, రెండో ముద్ద కలుపుతూ.

"ఇవాళ కోయలేదు" అని మూకాంబ ఇంకో గరిటె వడ్డించింది.