ఏ పనీ లేకుండా వచ్చే మనిషి

చెక్కపెట్టెల అన్న పోయి పన్నెండు రోజులైంది. ఆ పొద్దున పక్క షెడ్డులో రంపం మోత వినబడకపోతే కరెంటు పోయిందనుకున్నాను. చూస్తే మా వంటశాలలో లైటు వెలుగుతూనే ఉంది. అంతలో ఆయన కోడలు గోడ మీది నుంచి, "అత్తమ్మా, మామ నిద్రలనే పోయిండు" అంది.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. వ్యాపారంతోనే ఊపిరాడటం లేదు, నలుగురిని కలవడానికి టైమెక్కడిది అనేవాళ్ల కోసం ఈ మాటలు. ఒకప్పుడు ఆ మాట అందరికంటే గట్టిగా అన్నది నేనే.

పాశమైలారం ఫ్యాక్టరీల ఏరియాలో నాది అన్నం వండి కంపెనీకి పంపే పని. యంత్రాలు పంపడానికి చెక్కపెట్టెలు చేయడం ఆయన పని. ప్రతి బుధవారం పదకొండింటికి రంపం ఆపి, చొక్కా మీది పొట్టు దులుపుకుని, ఒక్కో వారం ఒక్కో షెడ్డుకు పోయి కూర్చునేవాడు. ఆర్డరు అడిగేవాడు కాదు. చాయ్ తాగి, మంచిచెడ్డా మాట్లాడి వచ్చేవాడు. నా దగ్గరికి వస్తే వెక్కిరించేదాన్ని.

"ఏమన్నా, నీ రంపానికి జ్వరమొచ్చిందా?"

"నాకు రావద్దనే తిరుగుతున్న చెల్లె. చాయ్ పొయ్యి. జెర చక్కెర తక్కువెయ్యి."

అప్పట్లో నా అన్నమంతా ఒక్క కంపెనీకే పోయేది. వచ్చే నెల నుంచి మేమే లోపల వండుకుంటామని ఒకరోజు వాళ్లు కబురు పంపారు. నా దగ్గర తొమ్మిది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఆ జీతం ఆగితే వాళ్ల ఇళ్లలో పొయ్యి ఆగుతుంది. అన్నేళ్లు అక్కడే ఉన్నా, ఇంకో గేటు లోపల నాకు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు.

ఆ బుధవారం ఆయన వెంట పోయాను. "ఇయ్యాల ఏమడగకు" అని ముందే చెప్పాడు. నేను వింటేనా. కొంగు చాటున డబ్బాలో బగారన్నం, కోడికూర పట్టుకుపోయి, ప్లాస్టిక్ డ్రమ్ముల షెడ్డు యజమాని బల్ల మీద పెట్టాను. "రేపటి సంది మీ మనుషులకు నా అన్నమే పెట్టాలె సారూ" అన్నాను. ఆయన మూత కూడా తియ్యలేదు. "సూద్దాం లే అమ్మా" అన్నాడు.

బయటికొచ్చాక అన్న, "ఇత్తనమేసిన నాడే కొడవలి పట్టుకపోతరా చెల్లె?" అన్నాడు.

"తొమ్మిది మంది బతుకన్నా. ఆగే టైమేడిది నాకు?"

"పనిపడ్డప్పుడే పోతే నీ అవసరం కనబడ్తది. ఉత్తగ పోతే నువ్వు కనబడ్తవు."

మరునాడు వచ్చి మా వంటశాలలో స్టూలేసుకుని కూర్చున్నాడు. పొద్దటి డబ్బాలు వెళ్లిపోయాక, ఉల్లిగడ్డలు కోసేవాళ్ల నెత్తి మీద నేను నిలబడి ఉండటం చూశాడు.

"నువ్వు జూస్తేనే తెగుతదా ఉల్లిగడ్డ?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ మాట నిజం. నేను లేకపోతే ఏదీ సాగదన్న పొగరుతో నా టైమంతా ఆ కత్తిపీటల దగ్గరే పారబోస్తున్నాను.

తర్వాతి బుధవారం మాలో వయసులో పెద్దామెకు గంటె అప్పజెప్పి అన్న వెంట పోయాను. తిరిగొచ్చేసరికి పప్పులో ఉప్పెక్కువైంది. తిట్టాను. పై బుధవారం మళ్లీ పోయాను. ఈసారి పప్పు కుదిరింది.

ఆ రోజు మళ్లీ డ్రమ్ముల షెడ్డుకే పోయాం. నెల దాటడానికి ఇంకో వారమే ఉంది. నాలుక బిగబట్టుకుని చాయ్ తాగాను. ఆ యజమానే పరేషాన్‌లో ఉన్నాడు.

"ఒడిశా పిల్లగాండ్లు సగం అన్నం పారేస్తున్నరమ్మా. డ్యూటీల నీరసపడ్తున్నరు."

"ఆళ్లకు ఉప్పుడు బియ్యం అలవాటు సారూ. మీ వంటాయనను పులుపు గూడ జెర తగ్గియ్యమను" అన్నాను. ఆ బియ్యం పటాన్‌చెరులో ఎక్కడ దొరుకుతుందో చెప్పి లేచి వచ్చేశాను. అంతే.

నాలుగో రోజు ఆయన మనిషి వచ్చాడు. "మీరే వండి పంపుతరా అని సారు అడగమన్నడు" అన్నాడు. తొమ్మిది మందిలో ఒక్కరినీ పనిలోంచి తీయలేదు. తర్వాత ఆ యజమానే ఇంకో ఇద్దరికి నా గురించి చెప్పాడు. వారానికి ఒక్క గంట. అది లేదనేవాళ్లు ఒకసారి మీ కత్తిపీట ఏదో చూసుకోండి.

నిన్న అన్న దినాలు. వంట నేనే చేశాను. ఎక్కడెక్కడి షెడ్ల నుంచో వచ్చారు. అందరికీ ఆయన తెలుసు, ఒకరికొకరు తెలియదు. వచ్చినవాళ్లను వచ్చినట్టు కూర్చోనిస్తే ఎవరి మౌనం వాళ్లదే. అందుకే, "ఆడ కాదు సారూ, ఈయన పక్కన కూసో" అని నేనే కూర్చోబెట్టాను. డ్రమ్ముల యజమాని పక్కాయనను అడిగాడు.

"మీదేడ?"

"మీ ఎనుక గోడ మాదే సార్. పదేండ్ల సంది మీ జనరేటర్ మోత నేనే ఇంటున్న."

చావింట్లో నవ్వొచ్చో లేదో తెలియక ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఆ తర్వాత నవ్వేశారు. పెరుగు వడ్డించడం కూడా అయిపోయింది. చేతులు కడగడానికి నీళ్ల బకెట్టు దగ్గర నిలబడి చూస్తున్నాను. విస్తర్లు ఖాళీ, తిన్న చేతులు ఎండిపోతున్నాయి, మాటలు సాగుతున్నాయి, ఒక్కరూ లేవడం లేదు.