పెద్దబాపు పెట్టని సంతకం

మా పెద్దబాపు, అంటే మా నాన్న అన్న, పోయాడన్న కబురు నాకు రాయదుర్గం మెట్రో మెట్ల మీద అందింది. పెద్దమ్మ ఫోను. "మీ పెద్దబాపు పండుకున్నోడు లేస్తలేడురా" అన్నది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి. ఖాజాగూడ గుట్ట కిందున్న మా గల్లీకి నేను చేరేసరికే డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. గుండె అన్నారు. ఒకే ఇంట్లో ఉంటూ అప్పటికి ఆయనా నేనూ మాట్లాడుకోక నాలుగు నెలలు.

ఆయన పోయాక పెద్దమ్మ ఒక కాగితం నా ముందు పెట్టి, సంతకం పెట్టాలా వద్దా చెప్పమన్నది. కరెంటు మీటరు కోసం ఇచ్చే ఫారం అది. పెద్దబాపు పెట్టనన్న సంతకం. ఎందుకు పెట్టనన్నాడో తెలిస్తే ఆమెకు జవాబు చెప్పేవాణ్ణి. తెలియకనే ఇది రాస్తున్నాను.

పెద్దబాపు పాలమూరు నుంచి మట్టి పనికి వచ్చినవాడు. తర్వాత ఒక ఆఫీసు టవరు సెల్లారులో జనరేటర్ ఆపరేటరుగా కుదిరాడు. కరెంటు పోయిన సంగతి పైన కంప్యూటర్ల ముందున్నవాళ్లకు తెలియకముందే మిషన్ అందుకోవాలి. అదీ ఆయన ఉద్యోగం. ఇంటికొస్తే మాత్రం చీకటి. మా గల్లీలోని పదకొండు ఇండ్ల స్థలం కోర్టు తగాదాలో ఉంది, ఏ ఇంటికీ మీటరు లేదు. ఎదురుగా అద్దాల టవర్లు పట్టపగలు కూడా లైట్లు వేసుకుని ఉంటాయి. నాకు ఇప్పటికీ అటు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆయనకు మండేది కాదు. తన ఇంటికి తానే కరెంటు చేసుకున్నాడు: చిన్న పెట్రోలు జనరేటరు, నాలుగు పాత బ్యాటరీలు, ఒక ఇన్వర్టరు.

జనరేటరును ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. పొగ ఇంట్లోకి మళ్లకుండా వెనక గోడకు దూరంగా రేకుల చాటున పెట్టాడు. సాయంత్రం గంటన్నర నడిపేవాడు. ఆ గంటన్నరలో గల్లీ మొత్తం మా వాకిట్లోనే. ఒకరు మిక్సీ జారు, ఒకరు ఇస్త్రీ బట్టలు, అందరూ ఫోన్లు. పెట్రోలు వంతుల వారీగా తెచ్చేవాళ్లు.

"బరువు పనులన్నీ మిషన్ నడిచేటప్పుడే చేస్కోండ్రి. బ్యాటరీ లైట్లకు, ఫ్యాన్లకే" అని అరిచి చెప్పేవాడు, ఆ మోతలో.

"నీ మిషన్ కన్న నువ్వే ఎక్కువ మొత్తుకుంటున్నవ్ బావా" అని పక్కింటి అత్త పచ్చడి రుబ్బుకుంటూ ఎగతాళి చేసేది.

బ్యాటరీల్లో ఛార్జి ఎంత మిగిలిందో చూపే చిన్న మీటరుండేది. ముల్లు సగానికి దిగితే ఫ్యాను కట్టేసేవాడు. చుట్టాలున్నా సరే. "సగం కింద ఉన్నది మనది కాదు, బ్యాటరీది" అనేవాడు. చెమటలు కారుతుంటే ఆ మాట విని నేను పళ్లు నూరుకునేవాణ్ణి.

ఒకసారి ఆయన డ్యూటీలో ఉండగా బ్యాటరీల్లో నీళ్లు తగ్గాయని చూశాను. మేలు చేద్దామని బోరు నీళ్లు తెచ్చి ఒకదాంట్లో మెడ దాకా పోశాను. ఆయన వచ్చి మూత తీసి చూశాడు.

"ఏ నీళ్లు?"

"బోరుయి."

మూత మళ్లీ బిగించాడు. "బోరు నీళ్లల్ల ఉప్పు ఉంటది బిడ్డా. డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలె. మంచి మనసుతోనే పోసినవ్. గని బ్యాటరీకి మనసు తెల్వది."

రెండు నెలల్లో అది చచ్చిపోయింది. ఎవరడిగినా "ముసల్దయిందమ్మా" అన్నాడే తప్ప నా పేరు చెప్పలేదు.

అప్పటికే నేను కరపత్రాలు, సన్నని పుస్తకాలు దొరికినవన్నీ చదువుతున్నాను. వెలుతురు అడుక్కునేది కాదు, హక్కు అని వాటిలో ఉండేది. నిజమే కదా. మీటర్ల కోసం కరెంటాఫీసు చుట్టూ తిరిగాను, కేకలు వేశాను, చివరికి పదకొండు ఫారాలు తెచ్చాను. నేనే నింపాను. పది ఇండ్లవాళ్లు సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. పెద్దబాపు అద్దాలు పెట్టుకుని ఫారం అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చేశాడు.

"నాకొద్దు బిడ్డా."

"ఎందుకొద్దు?"

"నా ఇంట్ల లైటు ఎలుగుతనే ఉన్నది గద."

"ఇన్నేండ్లు వాళ్ల బిల్డింగుకు కరెంటిచ్చినవ్. నీ ఇంటికి అడగనీకి భయమా? నీ అసొంటోళ్ల వల్లనే మనం ఇట్ల ఉన్నం" అన్నాను. గల్లీ అందరూ వింటుండగా అన్నాను.

ఆయన అద్దాలు జేబులో పెట్టుకుని మిషన్ దగ్గరికి పోయాడు. అంతే.

పది ఇండ్లకు మీటర్లు వచ్చాయి. ఆ సాయంత్రం నుంచి మా వాకిట్లోకి మిక్సీ పట్టుకుని ఎవరూ రాలేదు. జనరేటరు మా ఒక్క ఇంటి కోసమే మోగేది. గెలిచింది నేనే. ఆ మోత వినపడితే మాత్రం తలుపు వేసుకునేవాణ్ణి.

పెద్దమ్మకు కుడి భుజం లేవదు. జనరేటరు స్టార్టు చేసే తాడు గుంజలేదు. నేను గుంజుదామన్నా, ఆయన జీతం ఆగాక రోజూ పెట్రోలు కొనే స్తోమత మాకు లేదు. ఆయన పోయాక బ్యాటరీలకు ఛార్జి ఎక్కించే దారి లేక ఫ్యాను ఆగిపోయింది. అందుకే ఆ ఫారం వెతికి తీసింది.

"చదువు" అన్నది.

చదివాను. చివరి పేజీలో, సన్నని అక్షరాల్లో, ఈ స్థలం మీద నాకు ఏ హక్కూ లేదనీ, ఎప్పుడు ఖాళీ చేయమన్నా అభ్యంతరం చెప్పననీ ఒక వాక్యం ఉంది. పదకొండు ఫారాలు నింపిన నేను అది చదవనే లేదు.

అప్పటి నుంచి నా బుర్ర తిరుగుతున్నది. ఆయన ఆ వాక్యం చదివాడా? చదివితే మిగతా పది ఇండ్లవాళ్లను ఎందుకు ఆపలేదు? నన్ను అందరి ముందు చిన్నబుచ్చడం ఇష్టం లేకనా? వాళ్లకు లైట్లు రావడమే మంచిదనుకున్నాడా? లేక ఏమీ చదవలేదా, మిషన్ మీద మోజేనా? పక్కింటి అత్త మోజే అంటుంది. పెద్దమ్మ, "నాతోని ఏం చెప్పలే" అంటుంది. పది ఇండ్లకూ వెళ్లి వాక్యం చదివి వినిపించాను. కొందరు "అందరం ఉన్నం గద, ఏమైతది" అన్నారు. ఒకాయన నన్ను బండబూతులు తిట్టాడు. తిట్టనీ.

"ఇగ చెప్పు. పెట్టాల్నా, వద్దా?" అని పెద్దమ్మ నిన్న మళ్లీ అడిగింది. పెడితే గాలి వస్తుంది, ఇల్లు కాగితం మీద పోతుంది. పెట్టకపోతే ఇల్లు ఉంటుంది, ఆమె అందులో ఉడికిపోతుంది.

"నాకు తెల్వది పెద్దమ్మా."

"అన్నీ తెల్సునంటివి గదరా." నవ్విందో, ఏడ్చిందో. ఫారం నా దగ్గరికి జరిపి, "ఆ ముక్క యాడున్నది? చూపియ్యి. దాన్ని కొట్టెయ్యి. అప్పుడు పెడ్త" అన్నది.

ఇది ఆయనకు తట్టలేదా? నాకెందుకు తట్టలేదు? పైన ఆయన పేరు బదులు ఆమె పేరు రాసి, పెన్నుతో ఆ వాక్యం మీద గీత కొట్టాను. కింద ఆమె బొటనవేలు అద్దింది.

ఇవాళ పక్క గల్లీలో తీగలు బిగిస్తున్న లైన్‌మన్ నిచ్చెన భుజాన వేసుకుని మంచినీళ్లకని వస్తే చూపించాం. "గిట్ల కొట్టేస్తే తీస్కోరమ్మా" అన్నాడు.

"తీస్కోకుంటె వాపస్ తెచ్చియ్యి. నేను యాడికి పోత?"

అతను నీళ్లు తాగి, ఫారం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సార్‌ను అడిగి రేపొస్త. ఈ నిచ్చెన మోస్కపోవుడు నాతోని గాదు, ఈడనే ఉండనీ" అని తన నిచ్చెనను మా గోడకు ఆనించి వెళ్లాడు.

పెద్దమ్మ గడప మీద కూర్చుని దానివైపే చూస్తున్నది. వెదురు నిచ్చెన, పై మెట్టు మా రేకుల కంటే రెండు జానలు ఎత్తు. ఆ పైన గల్లీ తీగ, ఇంకా మా ఇంట దేనికీ తగలకుండా.